మా ఊరి రాయి, మీ వంటింటి గట్టు

పోయినేడాది పుణెలో అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్లా. ఓనరమ్మ వంటగది చూపిస్తూ నల్లటి గట్టు మీద అరచేత్తో కొట్టి, "ఇది అసలైన కడప్పా" అంది. నాకు నవ్వొచ్చింది. అక్కడ కడప్పా అంటే ఊరు కాదు, రాయి. ఆ పేరుతో ఒక జిల్లా ఉందని ఆమెకు తెలీదు. ఆ రాయి తీసినవాళ్లలో మా అబ్బ ఒకడని అస్సలు తెలీదు.

మాది కడప జిల్లా కమలాపురం. పాపాఘ్ని వచ్చి పెన్నలో కలిసేది మా దగ్గరే. పక్కన ఎర్రగుంట్ల. ఆ చుట్టుపక్కల మట్టి తీస్తే నాపరాయి. ఎన్నో కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున సున్నపు బురద పొరలుగా పేరుకుని రాయైంది. డైనోసార్ల కంటే పాతది! పొరలుగా పుట్టింది కాబట్టే పుస్తకంలో పేజీల్లా విడిపోతుంది. అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలకు కూడా సున్నపురాయే ఆధారం.

మా అబ్బ (తాతను మేం అట్లే పిలుస్తాం) తెల్లారకముందే సైకిలెక్కేవాడు. క్యారియర్‌లో సంగటి, ఊరుబిండి. ఎండెక్కితే బండ మీద కాలు పెట్టలేం కదా, అందుకే అంత పొద్దున్నే. గనిలో పైమట్టి తీసేవాళ్లు కొందరు. పొర సందులో ఉలి పెట్టి సమ్మెటతో కొట్టేవాళ్లు కొందరు. తర్వాత నలుగురు గడ్డపారలేసి ఒక్కసారిగా బండ లేపాలి. ఒకడు తడబడితే ఇంకొకడి వేళ్లు పోతాయి.

అబ్బ ఎడమచేతికి మూడు వేళ్లే. "మిగతా రెండూ యాడుండాయబ్బా?" అని అడిగితే, "బొంబాయిలో ఎవరింట్లోనో ఉండాయిలేరా" అనేవాడు. మేం పకపకా నవ్వేవాళ్లం. జేజి మాత్రం నవ్వేది కాదు. ఆ రెండు నెలలూ కూలి లేక ఇల్లు ఎట్లా గడిచిందో ఆమెకే తెలుసు.

అక్కడ ఒక మేస్త్రి ఉండేవాడు. బండను సుత్తితో తట్టి చెవి పెట్టేవాడు. టంగుమంటే మంచిది. బొద్దుమంటే లోపల పగులు. ఆయన వద్దన్న బండను ఎవరూ లారీకి ఎక్కించేవాళ్లు కాదు. తర్వాత కటింగ్ మిషన్లొచ్చాయి. వాటి మోతలో ఏళ్లు గడిపాక ఆయన చెవులే పోయాయి.

టీ అంగడి అవ్వ బాకీలన్నీ బండ మీద సుద్దతో రాసేది. వానొస్తే బాకీలు మాఫీ అని కుర్రాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. అవ్వకు లెక్కంతా నోటికొచ్చు. ఎవరైనా దెబ్బ తగిలి పనికి రాకపోతే వాళ్ల గీతలు తనే చెరిపేసేది.

మా ఊళ్లో మిద్దె కప్పు నాపరాయే. అరుగు, అల్మారా, బట్టలుతికే బండ, అన్నీ అదే. ఇప్పుడు మా వీధిలోనూ టైల్స్, గ్రానైట్ వచ్చేశాయి. వదిలేసిన గనుల్లో నీళ్లు నిలిచాయి. పిల్లలు ఈత కొట్టి రీల్స్ తీస్తున్నారు. తమ్ముళ్లూ, దిగొద్దు. గోడలు నిట్టనిలువు, లోతు తెలీదు, పట్టుకుని పైకి రావడానికి ఏమీ ఉండదు.

1872లోనే విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు రాతి పొరల మీద పెద్ద గ్రంథం రాశాడు. పొరల గురించి చదవడానికి చాలానే ఉంది. ఆ పొరలు విప్పిన చేతుల గురించి అడిగితేనే గానీ ఎవరూ చెప్పరు. నేనూ అబ్బ ఉన్నప్పుడు సరిగా అడగలేదు.

పుణెలో ఆ ఇల్లే తీసుకున్నా. అద్దె కాస్త ఎక్కువే. సామాను దించిన రాత్రి, గట్టును వేలి కణుపుతో తట్టి చూశా.

టంగుమంది.

మీ ఇంట్లో నల్లబండ ఉంటే మీరూ ఓసారి తట్టి చూడండి.