పందెం రాయించిన తొలి కథ

1928లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాల విద్యార్థుల మధ్య ఒక వాదం చెలరేగింది. పేరుపడ్డ రచయితల కథలు తప్ప కొత్తవారివి పెద్ద పత్రికలు ప్రచురించవని మిత్రులన్నారు. కథ బాగుంటే ప్రచురించి తీరుతారని గణితశాస్త్ర విద్యార్థి ప్రబోధ్‌కుమార్ బందోపాధ్యాయ పందెం కాశాడు. ‘అతసీ మామి’ అనే కథ రాసి, ‘మాణిక్’ అన్న తన ముద్దుపేరుతో ‘విచిత్ర’ మాసపత్రికకు అందజేశాడు. ఆ సంవత్సరాంతానికి అది అచ్చయింది!

కథ రాయాలన్న కోరిక ఎందరికో ఉంటుంది. ఉత్సాహం దానంతట అదే కలగాలని ఎదురుచూస్తూ ఏళ్లు గడిపేవారే ఎక్కువ. మిత్రులకిచ్చిన మాట, తప్పించుకోరాని గడువు ఒక్కొక్కప్పుడు ఆ ఉత్సాహం చేయలేని పనిని చేయిస్తాయి.

అయితే పందెం చేయించినది ఆరంభం మాత్రమే. మాణిక్ బందోపాధ్యాయ పట్టభద్రుడు కాలేకపోయాడు. దారిద్ర్యంతోనూ, మూర్ఛరోగంతోనూ పెనుగులాడవలసి వచ్చింది. అయినా ‘పద్మా నదిర్ మాఝి’ వంటి గొప్ప నవలలు సృష్టించి, 1956లో 48 ఏళ్ల వయసులో కన్నుమూసేవరకు రచన సాగించాడు. అన్నిటికీ నాంది ఒక చిన్న పంతం.

తొలి కథ గొప్పది కానక్కరలేదు, పూర్తయితే చాలు.