లాగే బండికి బయోడీజిలు ఎంతవరకు?

పిడుగురాళ్ల: అద్దంకి - నార్కెట్‌పల్లి రోడ్డు మీద లారీ చెడిపోతే లాగుకుపోవడానికి క్రేను బండి వస్తుంది. ఆ క్రేను బండే చెడిపోతే? ఇది నవ్వులాటకు అడిగే ప్రశ్న కాదు. మొన్న వేసవిలో దాచేపల్లి ఇవతల, సిమెంటు లారీని గొలుసు వేసి లాగుతున్న ఒక క్రేను బండి మిట్ట ఎక్కుతూ రెండు మూడుసార్లు దగ్గి నిలిచిపోయింది. చీకటి పడే వేళ. వెనుక లోడు లారీ, ముందు క్రేను బండి, రెండూ రోడ్డుకు అడ్డమే. వచ్చే బండ్లు గుద్దకుండా చెట్టు కొమ్మలు విరిచి రోడ్డు మీద వేసి, క్లీనరు కుర్రవాడు టార్చిలైటు ఊపుతూ రెండు గంటలు నిలబడ్డాడు. పక్క ఊరి నుంచి ట్రాక్టర్లు తెచ్చి లాగితేగాని దారి తెరిపిన పడలేదు.

మరునాడు మేస్త్రీ డీజిలు ఫిల్టరు విప్పి చూడగా లోపల నల్లటి బురద.

"ఏం పోయిస్తున్నావు అబ్బాయ్ దీంట్లో?"

"బయో, బాబాయ్. లీటరుకు పది రూపాయలు తక్కువని."

"ఎంత కలుపుతున్నావు?"

"మొదట పావు వంతే. ఈమధ్య సగానికి సగం."

సగానికి సగం అన్న ఆ మాట వద్దనే చిక్కంతా ఉన్నది. బయోడీజిలు విషమేమీ కాదు. అయితే దానికొక హద్దు ఉన్నది. ఆ హద్దు ఎక్కడున్నదో మన ప్రాంతంలో లారీలు, ట్రాక్టర్లు, క్రేను బండ్లు నడిపేవారిలో చాలామందికి తెలియకపోవడం గమనార్హం.

అసలు నూనెతో ఇంజను నడపడం కొత్త సంగతి కాదు. 1900లో పారిస్ ప్రదర్శనలో డీజిలు ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. మన చేలగట్ల మీది కానుగ చెట్టు గింజలోనూ నూటికి ముప్పై పాళ్లకు అటూ ఇటూగా నూనె ఉంటుంది. 2003లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా జైనూరు మండలంలోని పవర్‌గూడ గ్రామస్తులు, కానుగ నూనె వాడకం వల్ల తగ్గే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు లెక్కను ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మారు కూడా. కాగా గానుగ ఆడించిన నూనెను నేరుగా ట్యాంకులో పోస్తే అది బయోడీజిలు అనిపించుకోదు. పచ్చి నూనె డీజిలు కంటే దాదాపు పది రెట్లు చిక్కన. దానికి మిథనాలు, కాస్టిక్ సోడా కలిపి కాచి, అడుగున దిగే గ్లిజరిన్‌ను తీసివేసి, కడిగి ఆరబెడితే పలచబడి ఇంజనుకు పనికివస్తుంది. అదీ బయోడీజిలు. మన రాష్ట్రంలో కాకినాడ వద్ద ఇటువంటి పెద్ద ఫ్యాక్టరీ 2008 నుంచి ఉన్నది. హోటళ్లలో వాడేసిన నూనెను కూడా ఇందుకు ఉపయోగిస్తారు.

ప్రభుత్వం దీనిని ప్రోత్సహిస్తున్నమాట నిజమే. 2009 విధానంలో 2017 నాటికి నూటికి 20 పాళ్లు కలపాలని అనుకున్నారు. అది కుదరలేదు. 2018 విధానంలో 2030 నాటికి 5 పాళ్లు చాలునని లక్ష్యం తగ్గించుకున్నారు. 2015 ఆగస్టు 10న ఆయిలు కంపెనీలు బయోడీజిలు కలిపిన డీజిలు అమ్మకం ప్రారంభించినప్పుడు ఎంచుకున్న నాలుగు ఊళ్లలో మన పక్కనున్న విజయవాడ ఒకటి. విదేశాల సంగతి చూస్తే ఇండోనేషియాలో పామాయిలు సమృద్ధి కనుక 2025లో 40 పాళ్లకు వెళ్లారు. అది వారి పంట, వారి లెక్క. దానిని చూసి మనం సగానికి సగం పోయడం తగదు.

మన లెక్క ఏమిటంటే, బంకులో అమ్మే మామూలు డీజిలులో 7 పాళ్ల వరకు బయోడీజిలు ఉండవచ్చునని ప్రమాణం. అంతవరకు ఏ డీజిలు బండికైనా భయం లేదు. ఆ పైన 20 పాళ్ల వరకు కలిపిన దానికి వేరే ప్రమాణం ఉన్నది. దానిని కంపెనీవారు సరేనన్న ఇంజనులోనే వాడాలి. సరేనన్నారో లేదో బండితో ఇచ్చిన పుస్తకంలో చూసుకోవాలి. పుస్తకం పోతే షోరూములో అడగాలి. గ్యారంటీ ఉన్న బండి అయితే నోటిమాట కాకుండా కాగితం మీద రాయించుకోవడం మంచిది. ఇక 20 దాటి పోసేవారు తమ బండి మీద తామే ప్రయోగం చేస్తున్నారన్నమాట.

ఇక్కడ మరొక మెలిక ఉన్నది. వంద లీటర్ల బంకు డీజిలులో 20 లీటర్ల బయో పోసి, "నూట ఇరవైలో ఇరవై, అంటే పదహారు పదిహేడు పాళ్లే గదా" అని చాలామంది ధీమాగా ఉంటారు. అయితే బంకు డీజిలులో ముందే 7 లీటర్లు ఉండి ఉండవచ్చు. అప్పుడు మొత్తం 27 లీటర్లు, అంటే ఇరవై రెండున్నర పాళ్లు. హద్దు దాటిపోయినట్లే. అన్ని బంకుల డీజిలులోనూ 7 పాళ్లు ఉంటుందని కాదు. నిజానికి దేశం మొత్తం మీద కలుపుతున్నది చాలా తక్కువ. కాని ఏ లోడులో ఎంత ఉన్నదో కంటితో చూసి చెప్పలేము. కనుక 20 పాళ్లు సరేనన్న బండికి కూడా వంద లీటర్ల డీజిలుకు 16 లీటర్లకు మించి బయో పోయరాదు. ఏడు పాళ్లే అన్న బండికి బయట నుంచి ఒక్క లీటరు కూడా అక్కరలేదు.

మరి అదే నూనె పోసుకున్న ఇతర బండ్లు తిరుగుతుండగా లాగే బండికే ఎందుకు దెబ్బ తగిలింది? బయోడీజిలుకు కడిగే గుణం ఉన్నది. పాత ట్యాంకులో ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డిని కరిగించి ఫిల్టరుకు తెచ్చి పెడుతుంది. ఖాళీ బండి చదును రోడ్డు మీద పోతున్నప్పుడు ఇంజనుకు కావలసింది కొంచెమే కాబట్టి సగం పూడిన ఫిల్టరు కూడా సరిపోతుంది. ఇరవై, ముప్పై టన్నుల లారీని వెనుక కట్టుకుని మిట్ట ఎక్కేటప్పుడు ఇంజను గుక్క తిప్పుకోకుండా డీజిలు తాగాలి. అప్పుడు అందదు, బండి నిలిచిపోతుంది. మిర్చి టిక్కీలు నింపిన ట్రక్కును గుంటూరు యార్డుకు లాగే ట్రాక్టరుకైనా ఇదే గతి.

రెండవది, క్రేను బండి రోజూ తిరిగేది కాదు. పిలుపు వస్తే తప్ప నాలుగైదు రోజులు షెడ్డు ముందు ఎండలో నిలబడి ఉంటుంది. పని లేని నెలల్లో ట్రాక్టరు కూడా అంతే. బయోడీజిలు గాలిలోని తేమను డీజిలు కంటే ఎక్కువగా పీల్చుకుంటుంది. ఆ నీరు అడుగుకు చేరితే పాచి పడుతుంది. వేడికి నూనె చెడి బంక సాగుతుంది. రెంటచింతల ఎండలు ఎటువంటివో రాష్ట్రమంతా ఎరిగినదే. ఇటువంటి చోట బయో డ్రమ్మును రేకుల షెడ్డులో నెలల తరబడి దాచుకోవడం కోరి చిక్కు తెచ్చుకోవడమే.

మూడవ సంగతి 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బి.ఎస్. 6 బండ్లది. వీటిలో చాలావాటికి పొగగొట్టంలో మసి పట్టే జల్లెడ ఉంటుంది. ఆ మసిని కాల్చడానికి కొన్ని ఇంజన్లు అదనంగా డీజిలు చిమ్ముతాయి. క్రేను బండి ఒకచోట నిలబడి గంటల తరబడి ఇంజను ఆడిస్తూ మోకు చుడుతుంది కనుక జల్లెడ సరిగా వేడెక్కదు, మసి త్వరగా నిండుతుంది, చిమ్మడం ఎక్కువవుతుంది. కాలని నూనె కొంత ఇంజను ఆయిలులోకి దిగుతుంది. అందులో డీజిలు అయితే వేడికి ఆవిరై పోతుంది, బయో అంత తేలికగా పోదు. గేజి పుల్ల తీసి చూస్తే ఆయిలు తగ్గడానికి బదులు పెరిగి ఉంటుంది. "ఆయిలు తాగడం లేదు, మంచి బండి" అని కొందరు సంతోషిస్తారు. పెరిగిన ఆయిలు పలచబడిన ఆయిలు. అది బేరింగులను కాపాడదు. అటువంటప్పుడు కిలోమీటర్ల లెక్క కోసం ఆగకుండా ఆయిలు మార్చవలసి ఉన్నది.

పాత బండ్లకు మరొక బాధ. మామూలు రబ్బరు పైపులు, వాషర్లు బయో ఎక్కువైతే ఉబ్బి మెత్తబడతాయి. ఇత్తడి, రాగి సామానుకు, జింకు పూత వేసిన డ్రమ్ములకు కూడా అది పడదు.

ఇంతకూ మిగిలేదెంత? డీజిలు లీటరు 97 రూపాయలు, బయో 87 రూపాయలు అనుకుందాం. వంద లీటర్లకు వెయ్యి రూపాయలు మిగిలినట్లు కనబడుతుంది. అయితే బయోలో శక్తి లీటరుకు ఎనిమిది, తొమ్మిది పాళ్లు తక్కువ. వంద లీటర్ల డీజిలు చేసే పనికి 109 లీటర్ల బయో కావాలి. దానికయ్యేది 9,483 రూపాయలు. వంద లీటర్ల డీజిలుకు 9,700. అంటే నిజంగా మిగిలింది 217 రూపాయలు. ఆ డబ్బు ఒక ఫిల్టరుకు చాలదు. ఇంజెక్టర్లు, పంపు పాడైతే వేలకు వేలు.

ఇది అసలైన బయోడీజిలు మాట. రోడ్డు పక్కన బయో పేరుతో అమ్మేదంతా బయో కాదు. గుజరాత్‌లో 2020, 2021 సంవత్సరాలలో ఈ పేరు పెట్టి ఫ్యాక్టరీ నూనెలు అమ్ముతున్నవారి మీద ప్రభుత్వం దాడులు చేసింది. కేంద్రం 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అమ్మేది ఐ.ఎస్. 15607 ప్రమాణానికి సరితూగాలి. కనుక బిల్లు అడగాలి. బిల్లు లేదన్నవాడి వద్ద కొనరాదు. అసలు బయోకు కాచిన నూనె వాసన వస్తుంది. కిరోసిన్ వాసన వస్తే అనుమానించవలసిందే. సీసాలో సగం నూనె, సగం నీరు పోసి గట్టిగా కుదిపి ఉంచితే అరగంటలోగా రెండూ వేరుపడాలి. మధ్యన పాలలాగా తెల్లగా నిలిచిపోతే సబ్బు, గ్లిజరిన్ సరిగా తీయలేదన్నమాట. ఈ పరీక్షతో కల్తీలన్నీ తేలవు గాని, నాసిరకం సరుకు కొంతవరకు తెలిసిపోతుంది.

పావు వంతు, సగం అంటూ ఇప్పటికే పోస్తున్నవారు మానుకునేటప్పుడు కూడా కొంత జాగ్రత్త కావాలి. ట్యాంకు అడుగు బిరడా తీసి నీరు, మడ్డి వదిలివేయాలి. కొత్త ఫిల్టరు వేసి, మరొకటి బండిలోనే పెట్టుకోవాలి. కదిలిన మడ్డి ఇంకా వస్తూనే ఉంటుంది కాబట్టి మొదటి ఫిల్టరు త్వరగా పూడిపోవచ్చు. నీరు పట్టే గిన్నెను రోజూ ఉదయం ఇంజను వేయకముందే వదలాలి. సాయంత్రం ట్యాంకు నింపి ఉంచితే లోపల చెమ్మ పట్టే చోటు తగ్గుతుంది.

న్యాయం చెప్పాలంటే బయోలో మంచి కూడా లేకపోలేదు. పొగ తగ్గుతుంది. గంధకం తీసివేసిన నేటి డీజిలుకు జిడ్డు తక్కువ. నూటికి రెండు పాళ్ల బయో కలిస్తేనే పంపుకు జారుడు బాగుంటుంది. ఈ మంచి కూడా కొద్ది పాళ్లలోనే దొరుకుతుంది. ఎక్కువ పోసినకొద్దీ పెరిగేది కాదు.

దాచేపల్లి రోడ్డు మీద ఆగిన ఆ క్రేను బండికి ట్యాంకు దించి కడిగించి, పైపులు మార్చి, పంపు విప్పదీయించారు. తొమ్మిది రోజులు షెడ్డులోనే ఉన్నది. ఆ తొమ్మిది రోజులలో మూడు పిలుపులు వచ్చాయని, మూడూ వేరే బండికి పోయాయని యజమాని చెప్పాడు. మిగిలిన బయో డ్రమ్మును ఏం చేశావని అడిగితే మూలకు చూపించాడు. అమ్మినవాడు తిరిగి తీసుకోనన్నాడట.