గాలికి అంకెలు వేసిన నావికుడు

మన రావిర్యాలకు సముద్రము మూడు వందల కిలోమీటర్ల దూరమున నున్నది. మనలో ఓడ నెక్కినవారు అరుదు. ఐనను ఆశ్వయుజ కార్తికములలో వార్తలయందు బంగాళాఖాతము మాట వినవచ్చినచో ఇంటిలో తక్కిన మాటలు ఆగిపోవును. వాయుగుండము పట్టినదనగా చెరువు నిండునని కొందఱికి ఆశ. కోసిన పనలు తడిసి మొలకలెత్తునని కొందఱికి భయము.

అయ్యలారా, వాయుగుండము, తీవ్ర వాయుగుండము, తుపాను, తీవ్ర తుపాను, అతితీవ్ర తుపాను అను పేర్లు వార్తలు చదువువారు తమకు తోచినట్లు పలుకునవి కావు. ఒక్కొక్క పేరు వెనుక ఒక గాలివేగము నిర్ణయింపబడి యున్నది. ఆ నిర్ణయము ఎచ్చట పుట్టినదా యని వెదకికొనుచు పోయినచో, 1806వ సంవత్సరము జనవరి 13వ తేదీన ఒక నౌకాధిపతి తన సొంత దినచర్య పుస్తకములో వ్రాసికొన్న కొన్ని పంక్తులకడకు చేరుదుము. ఆయన పేరు ఫ్రాన్సిస్ బోఫోర్టు. ఆయన జీవితమును గూర్చియు, ఆయన విడిచిపోయిన కాగితములను గూర్చియు నేడు నాలుగు మాటలు మనవి చేసెదను.

బోఫోర్టు 1774వ సంవత్సరమున ఐర్లండులోని నావన్ అను పట్టణమున జన్మించెను. తండ్రి క్రైస్తవాచార్యుడు; ఐర్లండు దేశపటమును సిద్ధపఱచిన పండితుడు కూడ. కొడుకునకు పటములపై మక్కువ తండ్రివలన సంక్రమించినదే. పదునాలుగేండ్ల ప్రాయమున అతడు తూర్పుదేశముల వర్తకసంఘము వారి వాన్సిటార్టు అను ఓడలో చేరెను. 1789లో ఆ యోడ సుమత్రా ద్వీపమునకు తూర్పుననున్న గాస్పరు జలసంధిని కొలుచుచు, ఉన్న పటము సరియైనది కానందున, నీటిలోని మెట్టకు తగిలి పగిలిపోయెను. బాలుడు ప్రాణములతో బయటపడెను. తప్పుడు పటము ఏమి చేయగలదో అతనికి బోధించుటకు వేఱొక గురువు అక్కఱలేకపోయెను.

ఆ యేటి డిసెంబరులోనే మన గోదావరి ముఖమున కోరంగి రేవును ఉప్పెన ముంచినది. మూడు పెనుకెరటములు ఒకదానివెంట నొకటి వచ్చి, ఓడలను ఊరిమీదికి విసరివేసి, వేలకొలది జనమును పొట్టనబెట్టుకొన్నవి. గాస్పరు మెట్టకును కోరంగి ఉప్పెనకును అప్పటికి సంబంధము లేదు. అది పిమ్మట కలిగినది. కొంచెము తాళి వినుడు.

మఱుసటి యేడు బోఫోర్టు రాజనౌకాదళములో ప్రవేశించెను. 1800లో స్పెయిను దేశపు మలాగా రేవుచెంత శత్రువుల ఓడ నొకదానిని పట్టుటకు పోయి పందొమ్మిది గాయములు తినెను. కోలుకొనుటకు చాల కాలము పట్టినది. తుదకు 1805లో ఉల్‌విచ్ అను ఓడకు అధిపతి యయ్యెను గాని, అది యుద్ధములో నిలుచు ఓడ కాదు. సామానులు మోయు ఓడ. తోటివారు యుద్ధములలో పేరు సంపాదించుచుండగా తనకీ మూటల కాపలా యేమని ఆయన మనసు నొచ్చెను. ఆ నొచ్చిన మనసుతో ఊరకుండక, ఇకమీదట గాలిబలమును ఈ క్రమము ననుసరించి లెక్కించెదనని తన పుస్తకములో ఒక పట్టిక గీసికొనెను. మొదట సున్న మొదలు పదుమూడు అంకెలు వేసి, కొలదికాలమునకే దానిని పండ్రెండునకు కుదించెను.

ఆ పట్టికయందలి విశేషము వినదగినది. గాలి గంటకు ఎన్ని మైళ్లు పోవుచున్నదో ఆయన వ్రాయలేదు. నడిసముద్రమున దానిని కొలుచుటకు తగిన యంత్రము ఓడలలో లేదు. గాలి ఓడకు ఏమి చేయుచున్నదో దానిని వ్రాసెను. సున్న యనగా తెరచాపలు వ్రేలాడుచు ఓడ కదలని స్థితి. ఒకటి యనగా చుక్కాని పలుకునంతమాత్రపు కదలిక. రెండు మొదలు నాలుగు వఱకు చాపలన్నియు విప్పిన యుద్ధనౌక ఎంత వేగమున నడచునో దాని ననుసరించి లెక్క. అయిదు మొదలు గాలి పెరిగినకొలది ఏయే చాపలు దింపవలెను, ఏవి ముడువవలెను అను లెక్క. పండ్రెండు అనగా ఏ గుడ్డయు ఆగలేని గాలి. నావికుడైనవాడు తన చాపలవంక చూచి, ఒక అంకె వ్రాయవచ్చును. ఇద్దఱు నావికులు వేఱువేఱు సముద్రములలో వ్రాసినను ఆ అంకెకు ఒకే అర్థము.

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. వాన పడిన మఱునాడు మన రైతు ఎన్ని అంగుళములు పడినదని అడుగడు. పదునైనదా యని అడుగును. నాగలి దిగునంతటి తడి దుక్కి పదును. అది వానను నేలమీద అది చేసిన పనినిబట్టి కొలుచుట. బోఫోర్టు గాలిని చాపమీద అది చేసిన పనినిబట్టి కొలిచెను. ఆయనకు ముందే గాలిమరల విషయమున స్మీటను అను ఇంజనీరు ఇట్టి లెక్క నొకదానిని కట్టియుండెను. అది అలెగ్జాండరు డాల్‌రింపిల్ అను పటకర్తద్వారా బోఫోర్టునకు తెలిసెను. ఈ డాల్‌రింపిల్ బాల్యమున చెన్నపట్టణమునకు కుంఫిణీ గుమాస్తాగా వచ్చి, అచ్చటి దస్తావేజుల మధ్య పెరిగినవాడు. మన పూర్వులును వాయువునకు ఆవహము, ప్రవహము మొదలుగా ఏడు స్కంధములు చెప్పిరి. కాని అవి ఆకాశములో వాయువు నిలుచు స్థానములను తెలుపుటకు చెప్పినవి, నేటి గాలి నిన్నటి గాలికంటె ఎంత హెచ్చో చెప్పుటకు కావు.

గాలి అంకె ప్రక్కన ఆకాశస్థితిని తెలుపుటకు బోఫోర్టు ఒక్కొక్క అక్షరము వ్రాయుచుండెను. నిర్మలాకాశమునకు బి, మేఘములకు సి, వానకు ఆర్, ఉఱుమునకు టి. ఇట్లు దినదినము వ్రాసిన వాతావరణపు పుస్తకములు నేడు ఇంగ్లండులోని ఎక్సెటరు నగరమున వాతావరణశాఖవారి భాండారములో నున్నవి. ఉత్తరములు మొదలగు తక్కిన సొంత కాగితములలో అధికభాగము సముద్రము దాటి అమెరికాలోని కాలిఫోర్నియాయందలి హంటింగ్టను గ్రంథాలయమునకు చేరినది. వానిలో కొన్ని పంక్తులు ఆయన గుప్తలిపిలో వ్రాసినవి. ఇరువదవ శతాబ్దిలో పరిశోధకులు ఆ లిపిని విప్పి, ఆయన తన దోషములను తానే తిట్టుకొన్న మాటలను బయటపెట్టిరి. ఆ విషయమును ఇచ్చట ఎత్తుట నాకిష్టము లేదు. లోకమునకు పనికివచ్చునని తలచినదానిని ఆయన విప్పిన అక్షరములతోనే వ్రాసెను. ఆ భాగమే మనకు చాలును.

1812లో తుర్కీ దేశపు దక్షిణతీరమును కొలుచుచుండగా తుపాకిగుండు తగిలి ఆయన సముద్రజీవితము ముగిసినది. 1829లో నౌకాశాఖకు పటాధికారి యయ్యెను. అప్పటికి వయస్సు ఏబదియైదు. అందఱును విశ్రాంతిని కోరు వయస్సున ఆయన అసలు పని మొదలైనది. 1855 వఱకు, ఇరువదియాఱేండ్లు ఆ పీఠమున కూర్చుండి ప్రపంచసముద్రముల తీరములను కొలిపించెను. 1831లో బీగిల్ అను ఓడ బయలుదేరునప్పుడు దాని యధిపతి ఫిట్జ్‌రాయ్ తోడుగా నొక ప్రకృతిశాస్త్రజ్ఞుని కోరగా, బోఫోర్టు విచారణద్వారానే యువకుడగు చార్లెస్ డార్విన్‌నకు ఆ యవకాశము లభించినది. గాలి అంకెల పద్ధతియు ఆ ప్రయాణముననే ప్రభుత్వకార్యముగా వాడుకలోనికి వచ్చెను. 1838లో రాజనౌకలన్నియు ఈ అంకెలనే వ్రాయవలెనని ఉత్తరువు వెలువడెను. సొంత పుస్తకములో గీసికొన్న పట్టిక శాసనమగుటకు ముప్పదిరెండేండ్లు పట్టినది. ఆయన 1857 డిసెంబరులో మరణించెను.

ఇక కోరంగి మాట. ఒక్క ఓడ దినచర్య ఒక్క ఓడ కథయే. ఒకే తుపానులో చిక్కిన పది ఓడల దినచర్యలు ప్రక్కప్రక్కన పఱచినప్పుడు తుపాను ఆకారమే కనబడును. ఈ పని మన బంగాళాఖాతమునకు చేసినవాడు హెన్రీ పిడింగ్టను. వర్తకనౌకలకు అధిపతిగా పనిచేసి, సముద్రమును విడిచి కలకత్తాలో స్థిరపడినవాడు. 1839 నవంబరులో కోరంగిని తుపాను మఱల పాడుచేసినది. ఆ యేటినుండి పిడింగ్టను ఓడల దినచర్యలు సేకరించి, ఏ గంటకు ఏ యోడకు గాలి ఏ దిక్కునుండి వీచినదో పటముమీద గుర్తించి, ఆసియా పరిశోధకసంఘము వారి పత్రికలో వ్యాసములు వరుసగా ప్రకటించెను. ఇట్టి గాలి తిన్నగా వీచునది కాదనియు, ఒక నడిమిచోటు చుట్టు అపసవ్యముగా తిరుగుచు తాను కూడ ముందునకు సాగుననియు ఆ పటములు చూపినవి. 1848లో ఆయన దీనికి సైక్లోన్ అని పేరుపెట్టెను. అది గ్రీకుభాషలో చుట్టచుట్టుకొన్న పామును స్ఫురింపజేయు మాటనుండి కల్పించినది. పశువుల కొమ్మును పలుచగా చీల్చి, పారదర్శకమగు పలకగా చేసి, దానిపై వలయములు గీయించి ఓడలవారికి ఇచ్చెను. దానిని పటముపై నుంచినచో తుపాను నడిమిచోటు ఏ వైపున నున్నదో తెలియును. మీరును చూడవచ్చును. తుపానుగాలికి ఎదురుగా నిలిచినచో మన దేశమున దాని నడిమిచోటు కుడిచేతివైపున నుండును.

కోరంగి నేడు యానామునకు సమీపమున ఒక గ్రామము. బర్మాకు పోయిన తెలుగువారినందఱిని అచ్చటివారు కోరంగీలని పిలుచుటకు కారణమైన రేవు ఇదియే.

బోఫోర్టు అంకెలు నేటి వార్తలలో ఎట్లు దాగియున్నవో చెప్పెదను. ఓడవేగమును నాట్లలో కొలుతురు. ఇవి మన వరినాట్లు కావు. పూర్వము ముడులువేసిన త్రాటిని ఓడవెనుక నీటిలో వదలి, ఇసుకగడియారము ముగియులోపల ఎన్ని ముడులు చేతిలోనుండి జారెనో లెక్కించెడివారు. ఆ ముడికే ఆంగ్లమున నాట్ అని పేరు. ఒక నాట్ గంటకు 1.85 కిలోమీటర్లు. గాలి 17 నాట్లకు చేరినచో మన వాతావరణశాఖవారు వాయుగుండమందురు. అది బోఫోర్టు అంకె అయిదు. 28 నాట్లకు తీవ్ర వాయుగుండము, అంకె ఏడు. 34 నాట్లకు, అనగా గంటకు సుమారు 63 కిలోమీటర్లకు, తుపాను, అంకె ఎనిమిది. 48 నాట్లకు తీవ్ర తుపాను; అంకె పది. 64 నాట్లు దాటినచో అతితీవ్ర తుపాను. అదియే ఏ గుడ్డయు ఆగదని ఆయన వ్రాసిన పండ్రెండవ అంకె. ఎనిమిదినుండి పండ్రెండునకు వేగము రెట్టింపునకు కొంచెము తక్కువగా పెరుగును గాని, గోడమీద పడు త్రోపు మూడున్నర రెట్లగును. కావుననే ఎనిమిదికి రెమ్మలు మాత్రము విఱుగును. పండ్రెండునకు ఇండ్లు పోవును.

చాపలు లేని మనకొఱకు జార్జి సింప్సన్ అను శాస్త్రజ్ఞుడు 1906లో ఈ అంకెలకు నేలమీది గుర్తులు కూర్చెను. ఆయన ఆ యేడే భారత వాతావరణశాఖలో చేరినవాడు. పొగ నిలువుగా లేచిన సున్న. ఆకులు గలగలమన్న రెండు. దుమ్ము, కాగితపుముక్కలు లేచిన నాలుగు. పెద్దకొమ్మలు ఊగి, గొడుగు పట్టుట కష్టమైన ఆఱు. చెట్లు వేళ్లతో పెకలిన పది. రావియాకు మాత్రము ఈ లెక్కకు పనికిరాదు. ఏ గాలి లేకున్నను అది ఊగుచునే యుండును. 2008లో తెఱచిన శంషాబాదు విమానాశ్రయమున విమానములవారు నేటికిని గాలిని నాట్లలోనే చెప్పుకొందురు.

ఈ అంకెలు తెలిసియుండుట ఒక్కటే చాలదు. అవి ఊరికి చేరవలెను, చేరినపిదప జనము కదలవలెను. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పదివేలకు పైగా ప్రాణములు పోయినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ అతితీవ్ర తుపానుగా విశాఖను తాకినప్పుడు ముందుగనే లక్షకు మించిన జనమును తరలించినందున ఆంధ్రతీరమున మరణములు వందకు లోపే నిలిచినవి.

మనవంటి మెట్టప్రాంతమువారు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి యున్నది. బోఫోర్టు అంకె గాలికే గాని వానకు కాదు; వానకు ఆయన వేఱు అక్షరము పెట్టెను. తుపాను తీరము దాటి మనవఱకు వచ్చుసరికి గాలి తగ్గి, మరల వాయుగుండమో అల్పపీడనమో యగును. బలహీనపడినదని వార్తలలో చెప్పుదురు. ఆ మాట గాలిని గూర్చినది. 1908 సెప్టెంబరులో బంగాళాఖాతమునుండి అట్లు వచ్చిన మబ్బే మూసీ పరీవాహకముపై నిలిచిపోయినది. శంషాబాదు వర్షమాపకములో 24 గంటలలో 12.8 అంగుళములు, 48 గంటలలో 18.9 అంగుళములు పడినట్లు లెక్క వ్రాయబడియున్నది. ఎగువనున్న చెరువులు రెండువందలకు పైగా తెగి, ఒకదాని నీరు మఱియొకదానిపై బడి, సెప్టెంబరు 28న హైదరాబాదు నగరము మునిగినది. మనకు చేరువనే ఈసీ నదిపై 1927లో పూర్తియైన హిమాయత్‌సాగరము ఆ వాన పిమ్మట, అట్టి నీటిని ఆపుటకు, కట్టినదే.