హాప్ : ఒక రూపం, రెండు పదాలు

ఆంగ్లంలో ‘హాప్’ అంటే గెంతు. బీరుకు చేదునిచ్చే తీగ పేరూ అదే. ఎగబాకే తీగ గనుక ఆ పేరు వచ్చిందనుకోవడం సహజమే గానీ సరికాదు. గెంతు అనే అర్థంగల మాట ప్రాచీనాంగ్లానిది. తీగ పేరు మధ్యయుగపు డచ్చి భాషలోని ‘హొప్పె’ నుండి వచ్చింది.

గంజాయి కుటుంబానికి చెందిన ఈ మొక్కలో ఆడ, మగ తీగలు వేరు. ఆడ పూగుత్తుల పొలుసుల మొదట్లో లుపులిన్ అనే పసుపుపచ్చని జిగురుపొడి ఉంటుంది. మరిగించినప్పుడు అందులోని ఆల్ఫా ఆమ్లాలు రూపం మారి కరుగుతాయి; చేదునిస్తాయి, పానీయం పుల్లబారకుండా కాపాడతాయి. చల్లారాక వేస్తే దక్కేది ప్రధానంగా సువాసనే.

1516 నాటి బవేరియా శాసనం బీరుకు బార్లీ, హాప్స్, నీరు మాత్రమే వాడాలన్నది. ఇంగ్లండులో మాత్రం ఒకప్పుడు హాప్స్ వేయనిది ‘ఏల్’, వేసినది ‘బీర్’. నేటి ఏల్‌లోనూ హాప్స్ ఉంటాయి.