చనిపోయిన 17 ఏళ్లకు గ్రామీ.. ఓ స్టూడెంట్ రికార్డింగుల కథ ఇదీ!

ఇప్పుడు కచేరీకి వెళ్తే అందరి చేతుల్లో ఫోన్లే. వీడియో తీయడం క్షణాల్లో పని. 1940లో మాత్రం సీన్ వేరు. పాట రికార్డ్ కావాలంటే సాధారణంగా స్టూడియోకి వెళ్లాల్సిందే. మామూలు డిస్క్‌లో ఒక్కో వైపు పట్టేది దాదాపు 3 నిమిషాలే!

అమెరికా జాజ్ పియానిస్ట్ ఆర్ట్ టేటమ్‌కు ఆ టైమ్ ఏం సరిపోతుంది? చూపు దాదాపు లేని ఆయన ఒక్కరే వాయిస్తుంటే, ఇద్దరు కూర్చున్నారేమో అనిపించేది. అర్ధరాత్రి దాటాక న్యూయార్క్‌లోని హార్లెమ్ క్లబ్బుల్లో మనసారా వాయించేవారు.

అక్కడికే డిస్క్ రికార్డర్ మోసుకెళ్లాడు కొలంబియా యూనివర్సిటీ స్టూడెంట్ జెర్రీ న్యూమన్. 1940, 41లో టేటమ్‌ను రికార్డ్ చేశాడు. వాటిలో జనం మాటలు వినిపిస్తాయి. పియానో శ్రుతి కూడా సరిగా ఉండదు. ‘టొలీడో బ్లూస్’లో అయితే టేటమ్ స్వయంగా పాడారు. ఆయన గొంతు వినిపించే రికార్డులు చాలా అరుదు.

1955లో హాలీవుడ్ సంగీత దర్శకుడు రే హైండార్ఫ్ ఇంట్లో పార్టీకి వాయించింది కూడా ఇలాగే రికార్డయింది. ఆ మరుసటి ఏడాదే టేటమ్ కన్నుమూశారు. అప్పటికి వయసు 47.

న్యూమన్ రికార్డింగులు 1973లో ‘గాడ్ ఈజ్ ఇన్ ద హౌస్’ ఆల్బమ్‌గా వచ్చాయి. 1974లో గ్రామీ గెలిచాయి. సౌండ్ క్లియర్‌గా లేకపోవచ్చు. కానీ ఆ కుర్రాడు మెషీన్ మోసుకెళ్లకపోతే, ఆ రాత్రులు మనదాకా వచ్చేవే కావు.