ఏ చదువో తేలనివాడు ఏం చదవాలి?

మన యిళ్ళలో పదో తరగతి గట్టెక్కగానే చుట్టాలంతా వేసే ప్రశ్న ఒకటే: "ఎం.పి.సి.యా, బై.పి.సి.యా?" పదిహేనేళ్ళకే బతుకు తేలిపోవాలి మనకు. అటువంటి యింటినుంచి అమెరికా కాలేజీకి వెళ్ళిన కుర్రవాడు, "నేనింకా ఏ సబ్జెక్టూ ప్రకటించలేదు నాన్నా" అని ఫోనులో చెబితే, అప్పుచేసి పంపిన తండ్రికి గుండె జారిపోవడంలో వింతేముంది?

కాని అక్కడ అది నేరం కాదు. ప్రధాన విషయం ఎంచుకోవడానికి చాలా కాలేజీలు రెండో సంవత్సరం చివరిదాకా గడువిస్తాయి. ఇంజనీరింగు, నర్సింగు వంటివాటికి మాత్రం చాలాచోట్ల మొదటే ప్రవేశం పొందాలి.

ఈలోగా చదివేది జనరల్ ఎడ్యుకేషన్, అంటే సామాన్య విద్య. దీన్ని గురించిన తగవు పాతదే. 1869లో హార్వర్డు అధ్యక్షుడైన చార్లెస్ ఎలియట్, ఎవరికి నచ్చిన పాఠం వారు ఎంచుకునే పద్ధతిని విస్తరింపజేశాడు. కొలంబియా 1919లో నాగరికతపై అందరికీ ఉమ్మడి పాఠం పెట్టింది. బ్రౌన్ విశ్వవిద్యాలయం 1969లో ఆ నిర్బంధాన్నే ఎత్తివేసింది. మన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి కమిషను కూడా 1949 నాటి నివేదికలో సామాన్య విద్య కావాలనే చెప్పింది.

ఇక లెక్కలోకి వద్దాం. డిగ్రీకి సాధారణంగా 120 క్రెడిట్లు. పాఠానికి మూడు చొప్పున నలభై పాఠాలు. అందులో ఇంచుమించు మూడోవంతు సామాన్య విద్య. జాబితా చూస్తే పెళ్ళివారి విస్తరిలా వుంటుంది. "ఫలానాది తేలిక, మార్కులు బాగా వేస్తారు" అని స్నేహితులు చెబుతారు. చిక్కంతా అక్కడే.

లెక్కల గడి నింపడానికి తేలికపాటి గణితం తీసుకున్నాడనుకోండి, గడి నిండుతుంది గాని ఏ తలుపూ తెరుచుకోదు. అదే గణాంకశాస్త్రమైతే మనస్తత్వశాస్త్రానికీ, సామాజికశాస్త్రానికీ, వ్యాపారవిద్యకూ పనికివస్తుంది. కలన గణితం ఫిజిక్సుకూ, ఇంజనీరింగుకూ దారి. కెమిస్ట్రీ మెట్లవంటిది: సాధారణ రసాయనం ఒక సంవత్సరం, ఆ తరువాతే కర్బన రసాయనం. మొదటి మెట్టు ఆలస్యమైతే అన్నీ ఆలస్యమే. కనుక సైన్సుమీద ఏ కాస్త ఆశవున్నా లెక్కలూ, కెమిస్ట్రీ ముందు. చరిత్రా, సంగీతమూ ఆగగలవు. ఒకే పాఠం రెండు జాబితాల్లో చెల్లుతుందేమో సలహాదారుణ్ణి అడగడం మరువరాదు. పొరపాటుపడితే ఒక టర్ము పెరుగుతుంది. దాని ఫీజు తండ్రి కడతాడు. విద్యార్థి వీసామీద వెళ్ళినవాడు మామూలుగా టర్ముకు 12 క్రెడిట్లకు తగ్గకూడదు కూడా.

అయినా టర్ముకొక పాఠం కేవలం ఇష్టంకోసం వుంచుకోవాలి. చదివి, నచ్చలేదని తెలుసుకోవడమూ లాభమే. నాలుగేళ్ళు చదివాక తెలుసుకోవడం కన్నా చవక గదా!

తండ్రులకొక మనవి. ఈసారి ఫోనులో "ఏం తేల్చావురా?" అని అడగకండి. "ఏ క్లాసుకు నిద్రమానుకుని మరీ వెళ్తున్నావు?" అని అడగండి. జవాబు అందులోనే వుండవచ్చు.