లాభం లేకున్నా.. లెక్క చెప్పాల్సిందే!

విదేశీ షేర్లు, డాలర్ల బేరాల్లో సరిహద్దు జిల్లాల కుర్రాళ్లు
పన్ను సంగతి మరిస్తే వచ్చిన దానికన్నా పోయేదే ఎక్కువ

బళ్లారి కౌల్‌బజార్‌లో టీ కొట్టు దగ్గరైనా, హోసూరు బస్టాండులోనైనా, బరంపురంలో బంధువుల పెళ్లిలోనైనా కుర్రాళ్లు నలుగురు కూడితే ఇప్పుడొకటే మాట.. ‘రాత్రి అమెరికా మార్కెట్ ఎలా ముగిసింది?’ తాతలు పత్తి ధర మీద, తండ్రులు బంగారం ధర మీద లెక్కలేసుకుంటే వీళ్లు డాలరు మీద వేస్తున్నారు. సెల్‌ఫోన్‌లో నాలుగు మీటలు నొక్కితే చాలు, అమెరికా కంపెనీలో వాటా మనదైపోతుంది. అంతవరకూ బాగానే ఉంది. మరి పన్ను మాటేంటి అని అడిగితే మాత్రం ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: ‘ఇంకా అమ్మలేదు కదండీ, లాభం వస్తే అప్పుడు చూద్దాం’.

అక్కడే వస్తోంది చిక్కు. విదేశీ షేరు ఒక్కటి ఉన్నా, దాని మీద పైసా రాకున్నా రిటర్న్‌లో చూపాలి. కర్ణాటకలో ఉన్నా, తమిళనాడులో ఉన్నా, ఒడిశాలో ఉన్నా, యానాంలో ఉన్నా ఇదే చట్టం.

డబ్బు పంపేటప్పుడే కోత

విదేశాలకు సొమ్ము పంపడానికి రిజర్వు బ్యాంకు 2004లో ఎల్‌ఆర్‌ఎస్ పథకం తెచ్చింది. దీని కింద ఒక్కొక్కరు ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపవచ్చు. షేర్ల కోసం పంపేది ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటితే, దాటిన మొత్తంపై 20 శాతం టీసీఎస్ కింద బ్యాంకు పట్టుకుంటుంది. 10 లక్షల పరిమితి 2025 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. అంతకుముందు 7 లక్షలే.

ఉదాహరణకు 12 లక్షలు పంపితే, పైన ఉన్న 2 లక్షలపై 40 వేలు కోత పడుతుంది. ఇది పోయిన డబ్బు కాదు. పాన్ నంబరు మీద జమై ఉంటుంది. రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, మిగిలితే వాపసు వస్తుంది. రిటర్నే వేయనివాళ్లకు మాత్రం అది అక్కడే ఉండిపోతుంది.

అమ్మితే ఎంత?

మన ఎక్స్ఛేంజీల్లో కొన్న షేర్లకున్న వెసులుబాట్లు వీటికి లేవు. ఏడాదికి లక్షా 25 వేల లాభంపై ఇచ్చే మినహాయింపు విదేశీ షేర్లకు వర్తించదు. 24 నెలలు దాటాక అమ్మితేనే దీర్ఘకాలిక లాభం కింద 12.5 శాతం పన్ను. ఈ రేటు 2024 జులై 23 నుంచి అమల్లో ఉంది. అంతకన్నా ముందే అమ్మితే లాభం జీతంతోనో, వ్యాపార ఆదాయంతోనో కలిసి మీ శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది.

లెక్క వేయాల్సింది రూపాయల్లో. డాలరు 75 రూపాయలున్నప్పుడు వెయ్యి డాలర్ల షేర్లు కొన్నారనుకుందాం. డాలరు 85 అయ్యాక అదే వెయ్యి డాలర్లకు అమ్మేశారు. అమెరికా లెక్కలో లాభం సున్నా. మన లెక్కలో 75 వేలు కాస్తా 85 వేలైంది. అంటే 10 వేల లాభానికి పన్ను కట్టాలి. షేరు పెరగలేదు కదా అంటే కుదరదు.

డివిడెండు సంగతి వేరు. అక్కడి కంపెనీ 100 డాలర్లు ఇస్తే, రెండు దేశాల ఒప్పందం ప్రకారం 25 డాలర్లు అమెరికాలోనే కోసి 75 చేతికిస్తారు. ఇక్కడ మాత్రం 100 డాలర్లనూ ఆదాయంగా చూపాలి. అక్కడ కట్టిన 25కు ఇక్కడి పన్నులో తగ్గింపు అడగొచ్చు. 2025-26 ఆదాయానికైతే ఇందుకు ఫారం 67 వేయాలి. చాలామంది ఈ కాగితం వేయక రెండుచోట్లా కడుతున్నారు.

‘షెడ్యూల్ ఎఫ్ఏ’ మరిస్తే..

విదేశీ ఆస్తులున్నవారికి సులువైన ఐటీఆర్-1 పనికిరాదు. ఐటీఆర్-2 గానీ, వ్యాపారముంటే ఐటీఆర్-3 గానీ వేయాలి. అందులోని షెడ్యూల్ ఎఫ్ఏలో షేర్లు, ఖాతాలు అన్నీ రాయాలి. ఇక్కడ లెక్క జనవరి నుంచి డిసెంబరు వరకు. ఆదాయం పన్ను పరిధిలోకి రాకున్నా, ఈ ఆస్తి ఉన్నందుకే రిటర్న్ వేయాలి. బెంగళూరు కంపెనీల్లో పనిచేస్తూ అమెరికా మాతృసంస్థ షేర్లు అందుకున్న ఉద్యోగులకూ ఇది తప్పదు. విదేశాల్లోనే స్థిరపడిన ఎన్ఆర్ఐలకు ఈ బాధ లేదు. కానీ తిరిగొచ్చి ఇక్కడ పూర్తిస్థాయి నివాసి అయ్యాక అక్కడి బ్యాంకు ఖాతా కూడా చూపాలి.

చూపకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద ఏడాదికి 10 లక్షల జరిమానా వేయొచ్చు. చిన్న మదుపరులకు కొంత ఊరట ఉంది. ఇళ్లు, స్థలాలు కాకుండా మిగతా విదేశీ ఆస్తులన్నీ కలిపి 20 లక్షల లోపుంటే 2024 అక్టోబరు 1 నుంచి ఈ జరిమానా లేదు. అంతమాత్రాన చూపనక్కర్లేదని కాదు. దాచిన ఆదాయం బయటపడితే పన్ను తప్పదు.

వాళ్లకెలా తెలుస్తుందిలే అనుకోవద్దు. అమెరికాతో 2015లో కుదిరిన ఒప్పందం మేరకు ఖాతాల వివరాలు మన దేశానికి అందుతున్నాయి. మరెన్నో దేశాలూ ఇలాగే పంపుతున్నాయి. 2024 నవంబరులో పన్నుల శాఖ ఈ సమాచారం ఆధారంగానే రిటర్న్‌లు సరిచేసుకోమని చాలామందికి ఎస్ఎంఎస్‌లు, మెయిళ్లు పంపింది.

ఫారెక్స్ యాప్‌లు.. తస్మాత్ జాగ్రత్త

షేర్ల కథ ఇదైతే, కరెన్సీ బేరాలది ఇంకో కథ. ‘వెయ్యి పెట్టండి, లక్ష బేరం చేయండి’ అంటూ వాట్సాప్, టెలిగ్రామ్‌లలో వచ్చే విదేశీ ఫారెక్స్ యాప్‌లలో ఆడటం చట్టవిరుద్ధం. ఎల్‌ఆర్‌ఎస్ కింద పంపిన సొమ్మును మార్జిన్ బేరాలకు వాడకూడదు. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు నుంచి అనుమతి లేని వేదికల జాబితా ప్రకటిస్తోంది. జాబితాలో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. ఫెమా కింద జరిమానా బేరం సొమ్ముకు మూడు రెట్ల దాకా ఉండొచ్చు. ‘పన్ను కట్టేస్తాం కదా’ అంటే తప్పు ఒప్పు కాదు. పన్నుల శాఖ లెక్క వేరు, ఫెమా లెక్క వేరు.

మన ఎక్స్ఛేంజీల్లో డాలరు-రూపాయి కాంట్రాక్టులున్నాయి. విదేశీ మారకంతో నిజంగా పని ఉన్నవారికే అవి అన్నది 2024 మే 3 నుంచి మరింత గట్టిగా అమలవుతోంది. హోసూరు గులాబీలు ఎగుమతి చేసే రైతు డాలరు పడిపోతుందన్న భయంతో వాడుకుంటే సరే, ఉత్త పందేనికి కాదు. వీటిలో లాభం వ్యాపార ఆదాయం అవుతుంది. నష్టాన్ని 8 ఏళ్ల వరకు ముందుకు తీసుకెళ్లొచ్చు. షేర్లు చేతికి తీసుకోకుండా అదే రోజు కొని అమ్మే స్పెక్యులేషన్‌లో నష్టమైతే 4 ఏళ్లే, అదీ స్పెక్యులేషన్ లాభంలోనే సర్దుకోవాలి.

ఇవి చేసి పెట్టుకోండి

- బ్యాంకు పంపకం రసీదులు, బ్రోకరు ఇచ్చే ఏడాది లెక్కలు దాచుకోండి. ఏ రోజు డాలరు ఎంతుందో రాసుకోండి.
- గత రిటర్న్‌లో షెడ్యూల్ ఎఫ్ఏ వదిలేసి ఉంటే, గడువుండగానే సవరించిన రిటర్న్ వేయండి. నోటీసు వచ్చేదాకా ఆగొద్దు.
- ఆడిటరు దగ్గరికి వెళ్లినప్పుడు విదేశీ షేర్ల సంగతి మీరే ముందు చెప్పండి. ఆయన అడగలేదు కదా అని ఊరుకుంటే రేపు జవాబు చెప్పాల్సింది మీరే.
- ఇంట్లో వాళ్లకూ చెప్పి ఉంచండి. అమెరికా పౌరులు కానివారు అక్కడి షేర్లు 60 వేల డాలర్లకు మించి వదిలి చనిపోతే అక్కడి వారసత్వ పన్ను 40 శాతం దాకా పడొచ్చు. పోయినాయన ఫోన్‌లో ఏముందో తెలియక భార్యాబిడ్డలు అవస్థ పడకూడదు కదా.